నొప్పి తెలియని చేతులు

కిందటి వారం మనం ఆగింది సమాధానపేట మిషను ఆసుపత్రిలో, ఒక ఆదివారం పొద్దున. రాజోలు తాలూకాలో కాలవగట్టునున్న ఆ చిన్న ఆసుపత్రికి ఒకప్పుడు నలుగురు నర్సులుండేవారు. ఒకరి వెనక ఒకరు మస్కట్టూ కువైట్టూ వెళ్లిపోయాక పెద్ద నర్సు రాహేలు ఒక్కతే మిగిలింది. పగలూ ఆమే, రాత్రీ ఆమే. ఆ తెల్లవారుజామున, తొలికాన్పు నొప్పులతో మెలికలు తిరుగుతున్న నాగమణిని రాహేలు చెంపమీద కొట్టింది. వేళ్లు తేలేలా కొట్టింది. ఆడపిల్ల పుట్టింది, పిల్ల బాగానే ఉంది. కానీ కిటికీ రెక్క సందులోంచి ఆ దెబ్బ చూసిన నాగమణి అత్త వీరాయమ్మ కొడుకు కోసం ఊళ్లోకి పరుగెత్తింది. ఎండ ఎక్కేసరికి నాగమణి పక్కబట్ట రక్తంతో తడవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే గేటు బయట మగవాళ్ల అరుపులు వినిపించాయి.

ఆసుపత్రిలో నడవగలిగినవాళ్లందరూ కాలవ వంతెన దాటి చర్చికి వెళ్లారు. డాక్టరు ప్రకాశరావుగారు కూడా అక్కడే ఉన్నారు. ఆదివారాలు వాక్యం చదివేది ఆయనే. రాహేలు ఆయా భూలక్ష్మిని ఆయన కోసం పెరటిదారిన పంపేసి, దుప్పటి ఎత్తి చూసింది. కాన్పయ్యాక బిగుసుకోవలసిన గర్భసంచి తడిసిన గుడ్డమూటలా వదులైపోయింది. ఇంజెక్షను ఇచ్చింది. సెలైను సీసా తగిలించింది. రక్తం ఆగలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. కుడిచేతి పిడికిలి బిగించి లోపలికి పోనిచ్చి, ఎడమచేతిని పొత్తికడుపు మీద వేసి, రెంటి మధ్యా గర్భసంచిని నొక్కి పట్టుకుంది. అలా పట్టుకున్నంతసేపే రక్తం ఆగుతుంది. పట్టు వదిలిందా, మనిషి దక్కదు.

నాగమణి పెదవులు సున్నంలా తెల్లబడ్డాయి. కళ్లు సగం మూసుకుని ఏదో గొణుగుతోంది. రాహేలు ఆమె ముఖం వంక చూడలేదు. గోడమీద పెచ్చు లేచిన చోట చూస్తూ నిలబడింది.

గేటు దగ్గర కాంపౌండరు నతానియేలు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. అరవయ్యేళ్ల మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆదివారమండి, డాక్టరుగారు లేరండి, కాసేపు ఆ అరుగు మీద కూర్చోండి అంటూనే ఉన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే ఎవడిదో కర్ర అతని కణత మీద పడింది. నతానియేలు గేటు ఊచలు పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయాడు. వాళ్లు అతన్ని దాటుకుని లోపలికొచ్చారు. మందుల గది అద్దాలు పగిలాయి. టించరు సీసాలు నేలమీద పగిలి వరండా అంతా ఘాటు వాసన కమ్మేసింది. వార్డులో బాలింతలు పిల్లల్ని పొట్టలకి అదుముకుని మంచాల కిందికి దూరారు.

వాళ్లకి ముందు నడుస్తున్నవాడు వీరన్న, నాగమణి మొగుడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపి బతికేవాడు. ఆ వారమంతా ఉప్పలగుప్తం వైపు తోటల్లో దింపుకి వెళ్లి, ఆ ఉదయమే ఇల్లు చేరాడు. అతను గడపలో కాలు పెట్టగానే తల్లి ఎదురొచ్చి చెప్పిన మాట ఒక్కటే: నీ పెళ్లాన్ని నర్సు గొడ్డుని బాదినట్టు బాదిందిరా. నడుముకి మట్టలు నరికే కత్తి ఇంకా అలాగే ఉంది. దారిలో కలిసిన దింపుకూలీలు నలుగురు కర్రలు పట్టుకుని వెంట నడిచారు.

ప్రసవాల గది తలుపు వాడు రెండు తన్నులకి ఊడదీశాడు.

వాడికి కనిపించింది ఇది. పెళ్లాం శవంలా పడి ఉంది. నేలమీద రక్తం. ఆమె కాళ్ల మధ్య మోచేతుల దాకా రక్తం పూసుకుని ఒక ఆడది. ఆ ఆడది తల తిప్పి వాడివైపు చూసింది, మళ్లీ గోడవైపు చూసింది.

వీరన్న పక్కవాడి చేతిలో కర్ర లాక్కుని రాహేలు వీపుమీద కొట్టాడు.

ఆమె ముందుకి ఒరిగింది, చేతులు మాత్రం కదలలేదు. వాడు మళ్లీ కొట్టాడు. ఈసారి భుజానికీ మెడకీ మధ్యన తగిలింది. లోపల ఏదో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు తలుపు దగ్గరున్నవాళ్లకి కూడా వినపడింది. ఎడమచేయి ఒక్క క్షణం జారబోయింది. రాహేలు ఒంటి బరువంతా దానిమీదికి వంచి, జారనివ్వకుండా తొక్కిపట్టింది.

"చెయ్యి తీస్తే నీ పెళ్లాం చచ్చిపోద్ది," అంది. ఆ గొంతులో కోపం లేదు, భయం లేదు. రేపు రా, కట్టు మారుస్తాను అన్నట్టుగా అంది. "కొట్టుకో. నేను తియ్యను."

ఆ గొంతు వీరన్నకి ఇంకా పిచ్చెత్తించింది. బతిమాలి ఉంటే ఆగేవాడేమో. వాడు కర్ర పారేసి జుట్టు పట్టుకుని ఆమె తల వెనక్కి లాగాడు, చెవిమీద పిడికిలితో గుద్దాడు. చెవిలోంచి సన్నగా రక్తం దిగి మెడమీదుగా తెల్ల చీర అంచులోకి ఇంకింది. వాడి చేయి నడుము దగ్గరున్న కత్తి మీదికి పోయి, దాన్ని బయటికి లాగింది.

అప్పటికి రొప్పుకుంటూ వీరాయమ్మ లోపలికొచ్చింది. కొడుకుని ఉసిగొల్పి తెచ్చిన మనిషే. కానీ ఆమె పేటలో చాలామంది కాన్పులు చూసింది. రక్తం పోయి చచ్చినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని చూసింది, వాళ్లలో ఒకతె సొంత చెల్లెలు. నర్సు చేతులు ఎక్కడున్నాయో, ఎందుకున్నాయో ఆమెకి ఒక్క చూపులో అర్థమైంది. కొడుకు మీద పడి కత్తి ఉన్న చేతిని రెండు చేతులతో కరిచి పట్టుకుంది. నిజంగానే కరిచింది. వాడు తల్లిని విదిలించి కొట్టాడు. ఆమె గోడకి గుద్దుకుని, లేచి, మళ్లీ వాడి కాళ్లకి చుట్టుకుంది.

"ఒరే, దాని పేణం ఆవిడ చేతుల్లో ఉందిరా. ఆవిణ్ని చంపితే ఇద్దరూ పోతారు."

వీరన్న ఆగాడు. ఆగి, మొదటిసారి పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి. కత్తి కింద పడేసి గోడ మూలకి వెళ్లి, చెట్టు మీదినుంచి పడ్డవాడిలా కూలబడ్డాడు. వెంట వచ్చినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని మెల్లగా వరండాలోకి జారుకున్నారు.

రాహేలు వీరాయమ్మకి ఏం చెయ్యాలో చెప్పింది. సెలైను సీసా పైకెత్తి పట్టుకోమంది, నాగమణి కాళ్ల కింద దిండ్లు పెట్టమంది. వీరాయమ్మ పెదవి చిట్లి కారుతున్న రక్తాన్ని భుజంతో తుడుచుకుంటూ చెప్పినవన్నీ చేసింది. కాసేపటికి రాహేలు చేతుల మధ్య ఆ మెత్తటి ముద్ద కొద్దికొద్దిగా బిగుసుకుని రాయిలా గట్టిపడింది. చెయ్యి బయటికి తీసి చూసింది. రక్తం రాలేదు.

మంచి నర్సుకి ఆ క్షణంలో కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రాహేలు చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. సబ్బు అరిగిపోయిందని గమనించింది.

*

భూలక్ష్మి కబురు అందగానే, ఆరాధన సగంలో వదిలేసి చర్చి చర్చంతా వంతెన మీదుగా పరుగెత్తుకొచ్చింది. డాక్టరుగారు తిన్నగా నాగమణి దగ్గరికి పోయారు. మిగిలినవాళ్లకి మొదట కనిపించింది గేటు దగ్గర నెత్తుటి మడుగులో పడి ఉన్న నతానియేలు. ఆ పేటలో సగం మంది పిల్లలకి జ్వరాల మందు తాగించిన మనిషి. ఎవరో అతని తల ఒళ్లోకి తీసుకున్నారు. ఇంకెవరో, వాళ్లెక్కడ అన్నారు.

దింపుకూలీలు కాలవ దూకి పారిపోయారు. వీరన్న పారిపోలేదు. గదిలో మూల కూర్చున్నచోటే ఉన్నాడు. జనం వాణ్ని కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చి, వరండా స్తంభానికి బావిచేద తాడుతో కట్టేసి కొట్టడం మొదలుపెట్టారు. ఇస్త్రీ చొక్కాలవాళ్లు, బైబిళ్లు అరుగుమీద జాగ్రత్తగా పెట్టొచ్చి మరీ కొట్టారు. స్కూలు మాస్టర్లు, పోస్టాఫీసు ఉద్యోగులు, ఎవరి మీదా ఎన్నడూ చెయ్యెత్తనివాళ్లు. వాడి ముక్కు పగిలింది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. వీరాయమ్మ అడ్డం పడబోతే ఆమెని పక్కకి నెట్టేశారు. వీరన్న నోరు తెరవలేదు. దెబ్బ పడినప్పుడల్లా తల అటూ ఇటూ ఊగుతోంది, అంతే.

అప్పుడు రాహేలు బయటికొచ్చింది. చీరంతా రక్తం, ఒక భుజం కిందికి వాలిపోయి ఉంది. జనం కొట్టడం ఆపి దారిచ్చారు. స్కూలు హెడ్మాస్టరు సూర్యారావుగారు చేతిలో ఉన్న కర్ర ఆమెకి అందించారు. కొట్టించుకున్నదానివి నువ్వు, ముందు హక్కు నీదమ్మా అన్నారు.

రాహేలు మంచి చేత్తో కర్ర అందుకుంది. వద్దంటుందని చాలామంది అనుకున్నారు. వాణ్ని విప్పమంటుందనీ, క్షమించానంటుందనీ కొందరు ఆ మాట కోసం ఎదురుచూశారు కూడా. ఆమె వాడి మోకాలి మీద కొట్టింది. తర్వాత పక్కటెముకల మీద. తర్వాత అదే చోట మళ్లీ. కొడుతున్నకొద్దీ ఆమె ముఖంలోకి రంగు రావడం మొదలైంది. కళ్లు వెలిగాయి. వీరన్న మొదటిసారి కేక పెట్టాడు, ఆ కేక విని ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. జనంలో ఒక ఆడమనిషి చాలమ్మా అంది. మరొకరు డాక్టరుగారిని పిలవండి అన్నారు. సూర్యారావుగారు వెనక్కి అడుగు వేశారు. కర్ర తీసుకోబోయి, ఆమె చూపు చూసి, ఆయన చేయి వెనక్కి లాక్కున్నారు.

ఆమె కర్ర ఈసారి వాడి తలకి గురిపెట్టి ఎత్తింది.

ఆ దెబ్బ వీరన్నకి తగల్లేదు. మధ్యలో ఒక చేయి అడ్డం వచ్చింది. మోచేతి కింద తగిలి, చేతికున్న బంగారు గాజు వంగిపోయి చర్మంలో దిగింది. అయినా ఆ చేయి వెనక్కి పోలేదు. కర్రని పట్టుకుంది.

ఆ చేయి లీలావతిది. ఈ ఆసుపత్రిలోంచి మొట్టమొదట మస్కట్ వెళ్లిపోయిన నర్సు ఆమే. సెలవుమీద పుట్టింటికొచ్చి, ఆ పొద్దున ఆరాధనకొచ్చింది. ఆమె రాహేలు చేతిలోంచి కర్ర ఒక్కో వేలూ విడదీసి తీసుకుంది. నడుం పట్టుకుని, బట్టలు మడతపెట్టే చిన్న గదిలోకి తీసుకుపోయి తలుపేసింది.

*

రాహేలుని బల్లమీద కూర్చోబెట్టి రవిక చించి చూసింది. మెడ కింద ఎముక విరిగి చర్మాన్ని లోపల్నుంచి పైకి నెడుతోంది. చెయ్యి కదలకుండా పాత దుప్పటి చీల్చి మెడకి కట్టింది. ఎముక సర్దుతున్నప్పుడు మామూలు మనిషైతే పైకప్పు లేచిపోయేలా అరుస్తుంది. రాహేలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

లీలావతి చేతులు ఆగిపోయాయి. "నొప్పి లేదా?" అంది.

"లేదక్కా."

"వాడు కొట్టినప్పుడు?"

"అప్పుడూ లేదు. ఎవర్నో కొడుతున్నట్టుంది. బయటందరూ నా ధైర్యం గురించి చెప్పుకుంటున్నారు. నాకు ధైర్యం లేదక్కా. నాకసలేం లేదు."

తర్వాత మిగతాది చెప్పింది. ఒక్కసారిగా చెప్పలేదు, లీలావతి అడిగినకొద్దీ వచ్చింది. మొదట్లో ఒళ్లు అలిసేది, పడుకుంటే తీరేది. తర్వాత పడుకున్నా తీరలేదు. తర్వాత నిద్ర కూడా పోయింది. కొత్తపేటలో మేష్టరుగా పనిచేసే మొగుడు సత్యానందం ఎప్పుడో ఒక శనివారం వచ్చి ఏదో చెబుతాడు. పెదవులు కదులుతున్నట్టే ఉంటుంది, మాట అందదు. మొన్న చర్చిలో పాటకి లేచి నిలబడింది, పాట అయిపోయి అందరూ కూర్చున్నా తను నిలబడే ఉంది, పక్కావిడ కొంగు లాగేదాకా తెలీలేదు. ఇదివరకు వార్డులో ప్రతి బాలింత పేరూ, వాళ్ల అమ్మ పేరూ, పుట్టిన ఊరూ తెలిసేవి. ఇప్పుడు కిటికీ పక్క మంచం, తలుపు పక్క మంచం, అంతే. నాగమణి పేరు ఆ పొద్దున మొగుడు అరుస్తుంటే విని తెలుసుకుంది. కొట్టినప్పుడు అది ఎవరో ఆమెకి తెలీదు.

ఇంకోటి ఉంది. అది చెప్పడానికి రాహేలు కాస్త తడబడింది. తెల్లవారాక నాగమణి ఆమెని పిలిచింది. నర్సమ్మగారండి, కింద తడిగా ఉందండి అని. రాహేలు ఆ మంచం పక్కనుంచే వెళ్లింది. వెళ్లి, మళ్లీ తిరిగొచ్చింది. రెండుసార్లూ ఆ పిలుపు వినపడింది. గోడవతల కాకి అరిచినట్టు వినపడింది. ఆగాలని అనిపించలేదు.

"ఇన్నాళ్లలో నాకేదైనా తెలిసిందంటే ఇందాకే," అంది రాహేలు. ఈసారి కిటికీ వదిలి లీలావతి ముఖంలోకి చూసింది. "వాణ్ని కొడుతున్నప్పుడు. బావుందక్కా. వాడు అరిస్తే బావుంది. నువ్వు రాకపోతే చంపేసేదాన్ని."

లీలావతికి ఏదో చప్పున తగిలినట్టయింది. ఊళ్లో అందరూ ఆమె బంగారం కోసం మస్కట్ వెళ్లిందనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకోనిచ్చింది. నిజం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పింది. వెళ్లిపోయిన ఏడాది వాళ్లమ్మ ఇదే ఆసుపత్రిలో పోయింది. పోయిన వెంటనే లీలావతి తల్లిమీది దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి, మైల బట్టల బుట్టలో వేసి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్లి థర్మామీటరు పెట్టింది. సాయంత్రానికి గుర్తొచ్చింది, పోయింది అమ్మ అని. ఆ రాత్రి అద్దంలో ముఖం చూసుకుని భయపడింది. ఇక్కడే ఇంకొన్నాళ్లుంటే ఎవరికో ప్రమాదం చేస్తానని అర్థమై పారిపోయింది. మస్కట్‌లో కంటి ఆసుపత్రిలో పని. కాన్పులు లేవు, చావులు లేవు. నెల తిరక్కుండానే ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని తెలిసి ఏడ్చిందిట. నాలిక్కి మళ్లీ రుచి తెలిసినందుకు.

"ఇది నీ దుర్మార్గం కాదు రాహేలూ. దీపంలో నూనైపోయాక వత్తి కాలుతుంది, ఆ కంపు వేరు. నాకా కంపు తెలుసు. నేను పారిపోయి బతికేను. నేను వదిలేసిన బరువు తిన్నగా నీ నెత్తిమీద పడిందని మాత్రం ఈవేళే చూసేను."

తలుపు తట్టి డాక్టరు ప్రకాశరావుగారు లోపలికొచ్చారు. నాగమణి నిలదొక్కుకుంటోందని చెప్పారు. రాహేలు తలమీద చేయి పెట్టి, ఈ పరిచర్యకి ప్రతిఫలం పైనే దొరుకుతుందమ్మా అన్నారు. నతానియేలు తలకి ఇక్కడ వైద్యం కాదనీ, జీపులో అమలాపురం తీసుకుపోతున్నాననీ, కాసేపు నడుం వాల్చి దీపాలవేళకి డ్యూటీకి వస్తే చాలనీ అన్నారు. ఆయనది చెడ్డ మనసు కాదు. ఆ ఆసుపత్రిలో ఆయనా ఒక్కరే డాక్టరు. చొక్కా గుండీలు ఎక్కువతక్కువలుగా పెట్టుకుని ఉన్నారు.

లీలావతి ఆయనకి అడ్డంగా నిలబడింది. ఎముక విరిగిన మనిషిని డ్యూటీకి రమ్మంటారేంటండీ అంది. ఎముక సంగతి తర్వాతండి, ఈవిడ ఇంక మనిషిని ముట్టుకోకూడదు, కొన్నాళ్లపాటు ముట్టుకోకూడదు అంది. తెల్లవారుజామున చెంపదెబ్బ కొట్టిన చేయి ఎండెక్కేసరికి తల పగలగొట్టబోయింది, రేపు ఏ పిల్ల గొంతు మీద పడుతుందో తెలీదు అంది. దేవుడు కూడా పని ముగించి ఒక రోజు కూర్చున్నాడు కదండీ అంది.

డాక్టరుగారికి కోపం రాలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"నిజమేనమ్మా. కానీ ఎవరున్నారు చెప్పు. నువ్వుంటావా?"

లీలావతి వంగిపోయిన గాజు చుట్టూ ఉబ్బిన చేతిని చూసుకుంది. ఇంక జన్మలో కాన్పు గదిలో కాలు పెట్టనని తల్లి సమాధి దగ్గర అనుకున్న మనిషి.

"ఆయ్, ఉంటానండి," అంది.

*

డాక్టరుగారు వెళ్లేముందు వీరన్న కట్లు విప్పించారు. రాజోలు పోలీసులకి కబురు పంపబోతే వీరాయమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. పోనివ్వండి అంది రాహేలు. ఆ మాట జాలితో అన్నది కాదు. తను కొట్టిన మనిషి ముఖం ఇంకోసారి చూడలేకపోయింది. వీరన్న ఎక్కడికీ పోలేదు. వరండాలో గోడకి చేరగిలబడి, ఒక కంటితో వార్డు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రాహేలు ఎన్నాళ్లకో కాసేపు నిద్రపోయింది. లేచి, ఎవరూ చూడకుండా నాగమణి మంచం దగ్గరికి వెళ్లింది. పిల్ల పక్కలో ఉంది. నాగమణి కళ్లు తెరిచి, మంచం పక్కన తెల్ల చీర చూసింది. చూడగానే ఒక చేత్తో చెంప కప్పుకుని, రెండో చేతిని పసిదాని ముఖం మీద అడ్డం పెట్టింది.

తనని బతికించింది ఎవరో నాగమణికి తెలీదు. ఆమెకి తెలిసింది ఆ దెబ్బ ఒక్కటే.

రాహేలు కుడిచేతిని కొంగు కిందికి దాచుకుంది. వెనక్కి తిరగబోయేసరికి మెడకింద ఎవరో కాల్చిన ఇనుము పెట్టినట్టయింది. నొప్పి. భుజమంతా, వీపంతా, చెవి వెనక, పొద్దున్నుంచీ పడ్డ దెబ్బలన్నీ ఒక్కసారే పడ్డాయి. ఆమె మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడి, పళ్లు కరుచుకుని, ఆ నొప్పిలోనే వెక్కివెక్కి ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో తెలీదు. నాగమణి చెంపమీంచి చేయి తీయలేదు. కానీ కొంతసేపయ్యాక నీళ్ల చెంబు మెల్లగా ఇటువైపు జరిపింది.

పొద్దు వాలుతుండగా గోదారి లంకలోంచి పడవ వచ్చింది. నులకమంచం మీద ఒక నిండుచూలాలిని మోసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగిందేమోనని వెంట వచ్చిన ముసలమ్మ చెప్పింది. డాక్టరుగారు అమలాపురం నుంచి ఇంకా రాలేదు. లీలావతి గాజులు తీసి కొంగున కట్టుకుంది. చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే మళ్లీ కడుక్కోవడం రాహేలు చూసింది. తానూ వస్తానంది.

లీలావతి ఆమెని వరండా బల్లమీద కూర్చోబెట్టింది. నువ్వు ఆ గదిలోకి రాకూడదు, ఎవరు పిలిచినా రాకూడదు, నేను పిలిచినా రాకూడదు, అక్కడ నేను నిన్ను అడ్డుకోలేను అంది. రాహేలు తలూపింది. లీలావతికి ఆ తలూపడం చాలలేదు. గోడవారన కూర్చున్న వీరన్నని లేపింది.

"పొద్దున్న ఈ తలుపు విరగ్గొట్టేవు కదా. ఇప్పుడు కాపలా కాయి. ఈవిణ్ని లోపలికి పోనియ్యకు."

ఊడిన తలుపుని గడపకి ఆనించి, ఆయా భూలక్ష్మిని తోడు తీసుకుని లీలావతి లోపలికెళ్లింది. వీరన్న కుంటుకుంటూ వెళ్లి గడపలో కూర్చున్నాడు. ఎదురుగా బల్లమీద రాహేలు. మధ్యలో ఇందాకటి నెత్తుటి మరకలు, ఇంకా ఎవరూ కడగలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

లోపల కేకలు మొదలయ్యాయి. ఇన్నాళ్లూ ఆ కేకలు ఆమెకి చప్పుళ్లు. ఇప్పుడు ఒక్కొక్కటీ విరిగిన ఎముకలో దిగుతోంది. అడ్డం తిరిగిన బిడ్డని లోపలే తిప్పడం ఈ తాలూకాలో తన చేతికొచ్చినంత బాగా ఎవరికీ రాదని ఆమెకి తెలుసు. లీలావతి ఇన్నేళ్లుగా కాన్పు ముట్టలేదనీ తెలుసు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

లోపల పింగాణీ బేసిను కిందపడి దొర్లిన చప్పుడు. భూలక్ష్మి ఏసయ్యా అంది. ఆ నిండుచూలాలి కేక సగంలో తెగిపోయింది.

"రాహేలూ."

లీలావతి గొంతే. పిలిచినా రావద్దన్న గొంతే. ఆ గొంతులో ఇప్పుడు ఆ ఆజ్ఞ లేదు.

రాహేలు లేచి నిలబడింది. వీరన్న కూడా గడపకి అడ్డంగా లేచాడు. వాపెక్కిన ముఖంలో తెరిచి ఉన్న ఒక్క కన్నూ ఆమె చేతివైపు చూస్తోంది. పొద్దున తన పెళ్లాన్ని కొట్టింది ఆ చెయ్యే, బతికించింది ఆ చెయ్యే, తన పక్కటెముకలు విరగ్గొట్టిందీ అదే.

"తప్పుకో," అంది రాహేలు.

"వద్దన్నారండి," అన్నాడు వీరన్న.

లోపలినుంచి రెండోసారి పిలుపు వచ్చింది.